బీపీ 106/86, నాడి 108: ఆ రాత్రి చార్టులో ఏముంది?

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెబుతాను. మీరు మెడికల్ వార్డులో నర్సుగా చేరి ఏడాది కాలేదు. డెంగీతో చేరిన 34 ఏళ్ల మనిషికి అది జ్వరం వచ్చిన ఐదో రోజు. మధ్యాహ్నం 2 గంటలకు జ్వరం 101.6 డిగ్రీలు, నాడి 102, బీపీ 118/74. రాత్రి 10 గంటలకు మీరు చూసినప్పుడు జ్వరం 98.8, నాడి 108, బీపీ 106/86, శ్వాస 20, ఆక్సిజన్ 97 శాతం. జ్వరం దిగిందని ఆయన భార్య మీకు దండం పెట్టింది. మీరు అంకెలు రాసి పక్క మంచానికి వెళ్లారు. ఒంటిగంటన్నరకు వెళ్లేసరికి ఆయన చేతులు చల్లబడి ఉన్నాయి, మణికట్టు దగ్గర నాడి సరిగా అందడం లేదు. ఐసీయూకు మార్చారు, ఇప్పుడు కోలుకుంటున్నారు. "ఒక్క అంకె కూడా ప్రమాదకరంగా లేదు కదా, నేను ఎక్కడ తప్పాను?" అన్నది మీ మొదటి ప్రశ్న. రెండోది ఆ చార్టు గురించి, దాని దగ్గరికి చివర్లో వస్తాను.

ఒక్కో అంకెను విడిగా చూస్తే మీరన్నది నిజమే, ఏదీ భయపెట్టేలా లేదు. పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం అప్పటికే ఆయన ఒంటికి సరిపడా రక్తం అందని స్థితిలోకి, అంటే షాక్‌లోకి జారుతున్నారు. నేను 22 ఏళ్లు వార్డుల్లో పనిచేశాను, ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్లకు నేర్పుతున్నాను. మీలాంటి చార్టు నా చేతి రాతతో కూడా ఒకటి ఉంది. అందుకని తిట్టే ఉద్దేశం లేదు, కానీ దాటవేసే ఉద్దేశమూ లేదు.

జ్వరం, నాడి ఒకే కాడికి కట్టిన రెండు ఎద్దులు. జ్వరం ఒక సెంటీగ్రేడ్ డిగ్రీ పెరిగితే నాడి సుమారు 10 పెరుగుతుంది, తగ్గితే అంతే తగ్గాలి. మీ రోగికి 101.6 నుంచి 98.8కి దిగింది, అంటే సెంటీగ్రేడ్‌లో ఒకటిన్నర డిగ్రీ. 102 ఉన్న నాడి 87 దగ్గరికి రావాల్సింది. రాకపోగా 108కి వెళ్లింది. జ్వరం అనే కారణం పోయిన తర్వాత కూడా గుండె అంత వేగంగా ఎందుకు కొట్టుకుంటోంది? రాత్రి 10 గంటలకు ఆ మంచం దగ్గర తలెత్తాల్సిన ప్రశ్న అది. 108 అనే అంకె ఒక్కటే కనిపించి ఉంటే "కొంచెం ఎక్కువ, జ్వరం కదా" అనుకుంటాం. మధ్యాహ్నం గడి మీద కూడా ఒకసారి కన్ను వేస్తే అలా అనుకోలేం.

ఇక బీపీ. 106/86 చూడగానే మన కళ్లు 106 దగ్గరే ఆగిపోతాయి. వందకు పైన ఉంది, ఫరవాలేదు అనుకుంటాం. కింది అంకె చూడండి. మధ్యాహ్నం 118కీ 74కీ మధ్య తేడా 44. రాత్రికి 106కీ 86కీ మధ్య తేడా 20. దీన్నే పల్స్ ప్రెషర్ అంటారు. డెంగీలో ఇది 20 లేదా అంతకన్నా తగ్గితే, పై అంకె ఎంత ఉన్నా సరే, షాక్ కిందే లెక్క.

ఎందుకలా జరుగుతుందో తెలిస్తే ఇక మరచిపోరు. డెంగీలో రక్తనాళాల గోడలు కారతాయి. రక్తకణాలు లోపలే ఉంటాయి, వాటి చుట్టూ ఉండే ద్రవం, అంటే ప్లాస్మా, పొట్టలోకీ ఊపిరితిత్తుల చుట్టూ ఉన్న పొరల్లోకీ వెళ్లిపోతుంది. గొట్టాల్లో నీరు తగ్గింది కాబట్టి గుండె ఒక్కో దెబ్బకు పంపే రక్తం తగ్గుతుంది. శరీరం ఊరుకోదు. గుండె వేగం పెంచుతుంది, చేతులూ కాళ్లలోని చిన్న నాళాలను గట్టిగా బిగిస్తుంది. ఆ బిగింపు వల్ల కింది అంకె పైకి లేస్తుంది, పై అంకె కాసేపు నిలబడుతుంది. చేతులు చల్లబడేదీ ఆ బిగింపు వల్లే. అంటే 86 అనే ఆ కింది అంకె, శరీరం అప్పు చేసి సంసారం నెట్టుకొస్తోందని చెబుతోంది. అప్పు పుట్టని క్షణాన పై అంకె ఒక్కసారిగా కూలుతుంది. మీకు ఒంటిగంటన్నరకు కనిపించింది అదే.

ఇందులో ఇంకో మోసం ఉంది. డెంగీ షాక్‌లో మనిషి చాలాసార్లు దాదాపు చివరిదాకా స్పృహలోనే ఉంటాడు. పలకరిస్తే జవాబిస్తాడు, మంచినీళ్లు అడుగుతాడు. "బాగానే మాట్లాడుతున్నాడు కదా సిస్టరమ్మా" అని ఇంటివాళ్లు అంటారు, మనమూ అదే అనుకుంటాం. జ్వరం దిగే ఆ ఒకటి రెండు రోజులే, చాలామందిలో మూడు నుంచి ఏడో రోజు లోపల, అసలు గండం. అందరూ ప్లేట్‌లెట్ల అంకె కోసం ల్యాబ్ చుట్టూ తిరుగుతుంటారు, బొప్పాయి ఆకు రసం తెస్తుంటారు. ఆ హడావుడిలో ప్లాస్మా కారుతున్న సంగతి ఎవరికీ పట్టదు. నన్నడిగితే ఆ గంటల్లో ప్లేట్‌లెట్ల కన్నా హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వంతు ఎంతో చెప్పే రిపోర్టు, ముఖ్యం. అది మొదటి రోజు కన్నా 20 శాతం పెరిగితే రక్తం చిక్కబడిందని, ద్రవం బయటికి పోతోందని అర్థం. కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మత్తుగానో విసుగ్గానో ఉండడం, ఇవి కనిపిస్తే అంకెల కోసం ఆగకూడదు. మూత్రం ఎంత వచ్చిందో కూడా అడగండి. 60 కిలోల మనిషికి గంటకు 30 మిల్లీలీటర్లయినా రావాలి. "సాయంత్రం నుంచి పోయలేదు" అని ఆయన భార్యకు తెలిసే ఉంటుంది, మనం అడగం అంతే.

ఒక చిన్న లెక్క కూడా చెబుతాను. నాడి అంకెను బీపీ పై అంకెతో భాగించండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో అది 0.5కీ 0.7కీ మధ్య ఉంటుంది. మీ రోగికి 108ని 106తో భాగిస్తే ఒకటి దాటింది. భాగహారం అక్కర్లేదు, నాడి అంకె పై బీపీ అంకెను దాటిందా అని చూస్తే చాలు. దాటిందంటే ఫోన్ చేతికి తీసుకోవాలి. ప్రసూతి వార్డులో నాకు ఇది చాలాసార్లు అక్కరకొచ్చింది. కాన్పు తర్వాత రక్తం పోతున్నప్పుడు వయసులో ఉన్న అమ్మాయిల శరీరం బీపీని పట్టుకుని నిలబెడుతుంది, నాడి మాత్రం ముందే పరుగెడుతుంది. అక్కడ 0.9 దాటగానే మేలుకోవాలి. బీపీ పడిపోయేదాకా ఆగితే అప్పటికే లీటరున్నర పోయి ఉండొచ్చు.

ఇప్పుడు మీకు కష్టం కలిగించే మాట. శ్వాస 20 అని రాశారు. లెక్కపెట్టి రాశారా?

"అందరికీ 18 లేదా 20 రాస్తాం కదా మేడమ్" అని మీ ప్రశ్నలోనే మీరు ఒప్పుకున్నారు, అందుకు మెచ్చుకుంటున్నాను. మన చార్టుల్లో ఏ వార్డుకు వెళ్లినా, ఏ మంచం దగ్గర చూసినా 18, 20, 20, 18. నలభై మంది మనుషులు ఒకే లయలో ఊపిరి పీలుస్తారా? జ్వరానికి థర్మామీటరు ఉంది, బీపీకి యంత్రం ఉంది, నాడీ ఆక్సిజనూ వేలికి తగిలించిన క్లిప్పు చూపిస్తుంది. వార్డులో ఊపిరిని లెక్కపెట్టేందుకు మాత్రం ఏ పరికరమూ లేదు, మన కళ్లే గతి. యంత్రం చేయని పని కాబట్టే అందరం ఎగ్గొడతాం. ఒంట్లో ఏదైనా తిరగబడితే ముందు మారేది కూడా అదే. రక్తంలో ఆమ్లం పెరిగినా, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరినా, చుట్టూ నీరు చేరినా ఊపిరి వేగం పెరుగుతుంది. ఆక్సిజన్ అంకె అప్పటికీ 96, 97 చూపిస్తూనే ఉంటుంది, ఎందుకంటే వేగంగా పీల్చి పీల్చి మనిషి దాన్ని నిలబెట్టుకుంటున్నాడు.

బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ వాళ్లు 2012లో న్యూస్ అనే స్కోరు తెచ్చారు (అంకె ఎంత గాడి తప్పితే అన్ని ఎక్కువ మార్కులు పడతాయి), 2017లో సవరించి న్యూస్-2 అన్నారు. మన దగ్గర కూడా పెద్ద ఆసుపత్రులు కొన్ని వాడుతున్నాయి. మీ రాత్రి 10 గంటల అంకెలను అందులో వేసి చూశాను. శ్వాస 20కి సున్నా, ఆక్సిజన్ 97కి సున్నా, మామూలు గాలే పీలుస్తున్నారు కాబట్టి దానికీ సున్నా. పై బీపీ 106కి ఒకటి, నాడి 108కి ఒకటి. స్పృహకు సున్నా, జ్వరానికి సున్నా. మొత్తం రెండు. అంటే నాలుగు నుంచి ఆరు గంటల తర్వాత మళ్లీ చూస్తే చాలని స్కోరు చెబుతుంది! కింది బీపీ అంకెను ఆ స్కోరు అసలు లెక్కలోకే తీసుకోదు. జ్వరం దిగినా నాడి దిగలేదన్న సంగతీ దానికి తెలియదు. డెంగీ వార్డులో న్యూస్‌ను మాత్రమే నమ్ముకుంటే ఇలాగే అవుతుంది.

కానీ ఇది చూడండి. మీరు నిమిషం నిలబడి లెక్కపెట్టి ఉంటే, ఊపిరి 26 వచ్చి ఉంటే? 25 లేదా ఆపైన ఉంటే మూడు మార్కులు. మొత్తం ఐదు అవుతుంది. ఐదంటే వెంటనే డాక్టరు వచ్చి చూడాలి. ఒక్క అంశంలోనే మూడు వచ్చినా చూడాల్సిందే. ఆయనకు అప్పుడు 26 ఉందని నేను అనడం లేదు, అది ఇప్పుడు ఎవరికీ తెలియదు. అలవాటుగా రాసిన ఒక 20 ఐదును రెండు చేయగలదు, అది చూపిద్దామనే ఈ లెక్క.

లెక్కపెట్టే పద్ధతి మీకు నర్సింగ్ చదువు మొదటి ఏడాదే నేర్పి ఉంటారు. నాడి చూస్తున్నట్టే మణికట్టు పట్టుకుని ఉండండి, చూపు మాత్రం ఛాతీ మీదికి మార్చండి. "ఊపిరి చూస్తున్నాను" అని చెబితే మనిషి వెంటనే ఊపిరిని మార్చేస్తాడు. దుప్పటి కప్పుకుని ఉంటే పొట్ట కదలిక చూడండి, లేదా ఆయన చేతినే ఆయన ఛాతీ మీద పెట్టి పట్టుకోండి. పూర్తి నిమిషం. మరో లాభం కూడా ఉంది. ఆ నిమిషమంతా మీ చేయి ఆయన చేతి మీద ఉంటుంది. చల్లగా ఉందా, చెమట పట్టిందా, నాడి తాడులా నిండుగా ఉందా, దారంలా సన్నగా ఉందా, అడగకుండానే తెలుస్తుంది. యంత్రాలు వచ్చాక మనం రోగిని ముట్టుకోవడం తగ్గించేశాం. వేలికి క్లిప్పు తగిలించి, అంకె రాసుకుని, క్లిప్పు తీసేసి పోతాం. ఆ రాత్రి 10 గంటలకు ఆయన అరచేయి ఎలా ఉందో మీకు గుర్తుందా?

ఇక్కడ ఎవరైనా అడుగుతారు, నలభై మందికి ఒక్క సిస్టర్ ఉంటే నిమిషం చొప్పున నలభై నిమిషాలు ఊపిరికే పోతాయి, ఇంజెక్షన్లు ఎవరు చేస్తారని. న్యాయమైన ప్రశ్నే. నేను అందరికీ పూర్తి నిమిషం చూశానని చెబితే అబద్ధమవుతుంది. నేను చేసింది ఇది: డ్యూటీ తీసుకోగానే వార్డంతా ఒకసారి ఖాళీ చేతులతో తిరిగేదాన్ని. ఆ రోజే జ్వరం దిగిన డెంగీ వాళ్లు, ఆపరేషన్ అయి మొదటి రాత్రి గడుపుతున్నవాళ్లు, ఆక్సిజన్ పెట్టినవాళ్లు, మార్ఫిన్, ట్రమడాల్ లాంటి నొప్పి మందులు పడుతున్నవాళ్లు, వీళ్లను గుర్తుపెట్టుకునేదాన్ని. వీళ్లతో పాటు, ఎందుకో చెప్పలేను గానీ చూడగానే మనసుకు నచ్చనివాళ్లు ఒకరిద్దరు ఉంటారు. మొత్తం ఆరేడుగురు. వాళ్లకు పూర్తి నిమిషం. మిగతావాళ్లలో ఊపిరి సాఫీగా ఉంటే అర నిమిషం చూసి రెట్టింపు చేసేదాన్ని. అదీ కుదరని రాత్రి గడి ఖాళీగా వదిలేసేదాన్ని. ఖాళీ గడి చూసి పొద్దున ఇన్‌ఛార్జి సిస్టర్ కోప్పడేవారు. దొంగ 20 కన్నా ఆ కోపమే నయం.

మీ ప్రశ్నలో లేకపోయినా ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. మీ రోగి విషయంలో అందరినీ మోసం చేసింది దిగిన జ్వరం. ఇలా "బాగుపడినట్టు" కనిపించే అంకెలు ఇంకా ఉన్నాయి. ఆస్తమాతో వచ్చిన కుర్రాడు నిమిషానికి 36 సార్లు ఎగఊపిరి పోస్తుంటాడు. గంట తర్వాత 16కి దిగుతుంది, పిల్లికూతలు కూడా ఆగిపోతాయి. మందు పనిచేసి దిగితే వాడు లేచి కూర్చుని మాట్లాడతాడు. అలసిపోయి దిగితే కళ్లు వాలిపోతుంటాయి, స్టెతస్కోపు పెడితే ఛాతీలో గాలి చప్పుడే వినిపించదు. రెండూ 16లే. బైకు మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలినవాళ్లలో బీపీ మెల్లగా 150, 170 అని ఎక్కుతూ, నాడి 90 నుంచి 56కి దిగుతుంటే "నాడి స్థిమితపడింది" అని రాసేవాళ్లను చూశాను. అది పుర్రె లోపల ఒత్తిడి పెరుగుతోందన్న గుర్తు. ఒక అంకె మారినప్పుడు దానికి కారణం మనకు తెలియాలి. కారణం తెలియని మంచి అంకెను నేను చెడ్డ అంకెతో సమానంగానే చూస్తాను.

దీనికి తిరగబడ్డ సందర్భమూ ఉంది, ఎద్దుల పోలిక అన్నిసార్లూ పనిచేయదు. టైఫాయిడ్‌లో జ్వరం 103 ఉన్నా నాడి 84 దగ్గరే నడుస్తుండవచ్చు. అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు లోపల రక్తం పోతున్నా నాడి పెరగదు. ముసలివాళ్లకు ఒళ్లంతా ఇన్ఫెక్షన్ పాకినా జ్వరం రాకపోవచ్చు, ఉన్నట్టుండి తికమకగా మాట్లాడడమే మొదటి గుర్తు కావచ్చు. ఎప్పుడూ 160 బీపీతో తిరిగే మనిషికి 110 అంటే మామూలు కాదు, పడిపోయినట్టే. అందుకే కేస్ షీటులో మందుల పేజీ చదవకుండా చార్టు చదవకూడదు. పారాసెటమాల్ ఎన్ని గంటలకు పడిందో చూడకుండా "జ్వరం లేదు" అని కూడా అనకూడదు.

అంకెను నమ్మే ముందు అది ఎలా వచ్చిందో చూసుకోవాలి. 106/86 లాంటిది కనిపిస్తే నేనైతే ఆటోమేటిక్ యంత్రాన్ని పక్కన పెట్టి, స్టెతస్కోపుతో మళ్లీ చూస్తాను. ఆ యంత్రాలు చేతికి చుట్టే పట్టీలోని, అంటే కఫ్‌లోని కంపనాలను బట్టి లెక్క కట్టి పై అంకె, కింది అంకె చెబుతాయి. నాడి సన్నబడినా, లయ తప్పినా ఆ లెక్క తప్పుతుంది. లావుపాటి చేతికి చిన్న కఫ్ కడితే బీపీ ఎక్కువ చూపిస్తుంది, సన్నని చేతికి పెద్దది కడితే తక్కువ చూపిస్తుంది. మన వార్డుల్లో అందరికీ ఒకటే కఫ్, అదీ వెల్‌క్రో ఊడిపోయి చేత్తో పట్టుకోవాల్సిందే! కనీసం చేయి గుండె ఎత్తులో ఉందో లేదో చూడండి. మంచం పక్కకు వేలాడుతుంటే అంకె ఎక్కువగా వస్తుంది. ఆక్సిజన్ క్లిప్పుకు చల్లబడిన వేళ్లు, గోళ్ల రంగు, గోరింటాకు ఆటంకం. గది మంటల్లో పొగ పీల్చినవాళ్లకు అది 98 అని చూపినా నమ్మకండి. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని, ఆక్సిజన్ పట్టిన రక్తాన్ని ఆ క్లిప్పు వేరు చేయలేదు. కట్లపాము కాటుకు వచ్చినవాళ్ల విషయంలోనూ ఆ క్లిప్పు చాలా ఆలస్యంగా మేలుకుంటుంది. వాళ్లను ఒక్క ఊపిరిలో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టమనండి. వచ్చినప్పుడు 30 దాకా వెళ్లిన మనిషి గంట తర్వాత 18 దగ్గర ఆగిపోతే, క్లిప్పు ఏమి చూపించినా ఊపిరి కండరాలు సడలుతున్నట్టే.

డాక్టరుకు ఫోన్ చేయడానికి జంకానని కూడా రాశారు. "సార్, డెంగీ పేషెంటుకు బీపీ కొంచెం తక్కువగా ఉంది" అంటే అటునుంచి "ఎంత?" అని వస్తుంది. "106" అనగానే "సరే, చూస్తూ ఉండండి" అని పెట్టేస్తారు. వారి తప్పూ లేదు, మనం చెప్పింది అంతే కదా. ఇలా చెప్పి చూడండి: "సార్, 12వ మంచం, డెంగీ ఐదో రోజు. జ్వరం 101.6 నుంచి 98.8కి దిగింది, నాడి మాత్రం 102 నుంచి 108కి పెరిగింది. బీపీ 106/86, చేత్తో రెండోసారి చూశాను. పల్స్ ప్రెషర్ 44 నుంచి 20కి వచ్చింది. చేతులు చల్లగా ఉన్నాయి, సాయంత్రం నుంచి మూత్రం లేదు. షాక్‌లోకి వెళుతున్నారని నా అనుమానం, మీరు ఇప్పుడే వచ్చి చూడాలి. ఈలోగా హెమటోక్రిట్‌కు రక్తం తీయమంటారా?" దీనికి "చూస్తూ ఉండండి" అనే డాక్టరును నేను చూడలేదు. అన్నా కూడా ఫోన్ చేసిన సమయం, చెప్పిన సంగతి, వచ్చిన జవాబు నర్సుల నోట్స్‌లో రాసి, అరగంటలో మళ్లీ చేయండి. అప్పటికీ కదలిక లేకపోతే పై డాక్టరుకు చేయండి.

మీ రెండో ప్రశ్న. ఆ 10 గంటల గడిలో రాసిన 20ని ఇప్పుడు మార్చాలా, లేక దిద్ది ఖాళీ చేయాలా అని. ముట్టుకోకండి. వైట్‌నర్ అసలే వద్దు, కొత్త షీటు మీద తిరగరాయమని ఎవరైనా సలహా ఇచ్చినా వద్దు. రోగి పరిస్థితి మారిన తర్వాత పాత గడిని దిద్దితే, మీరు చేసిన పొరపాటు వేరే రకం నేరంలా కనిపిస్తుంది. మీకు నిజంగా గుర్తున్న సంగతులు ఏవైనా ఉంటే, ఇవాళ్టి తేదీ, ఇప్పటి సమయం వేసి, "ఆలస్యంగా నమోదు" అని స్పష్టంగా రాసి, కింద సంతకం చేయండి. శ్వాస లెక్కపెట్టకుండా రాశానని ఇన్‌ఛార్జి సిస్టర్‌కు మీరే వెళ్లి చెప్పండి, ఆ నోట్ ఎలా పెట్టాలో ఆమెనే అడగండి. వేరేవాళ్లు చెప్పేలోపు వెళ్లండి. తిడతారు. ఆమె కూడా ఎప్పుడో ఒకప్పుడు 20లు రాసినవారే, అందుకని మరీ ఎక్కువసేపు తిట్టరు.